తుఫానుకు కదలని సిగ

సుమిదా నదికి తూర్పు ఒడ్డున మినకావా ఇసబురో కట్టిన సిగ ఒక్కసారి బిగిసిందంటే, తుఫాను వచ్చి ఇళ్ళ కప్పులు, కప్పుల మీది పిల్లులు, పిల్లుల నోట్లోని చేపలు అన్నీ సముద్రంలో పడ్డా సరే, ఆ సిగ మాత్రం వస్తాదు నెత్తిన వెంట్రుకవాసి కదలకుండా కూర్చునేది. రావణాసురుణ్ణి తెచ్చి ముందు కూర్చోబెట్టినా పది తలలకూ పది సిగలు కట్టి, మధ్యాహ్నం భోజనం వేళకు చేతులు కడుక్కునేవాడు. నలభై ఏడేళ్ళపాటు ఏనుగుల్లాంటి మనుషుల జుట్టు పట్టుకుని గుంజి, ఒక్కరి చేతా ఒక్క చెంపదెబ్బయినా తినకుండా అరవై అయిదో ఏట క్షేమంగా ఇల్లు చేరిన మగాడు జపాన్ మొత్తం మీద ఇంకొకడుంటే చూపించమనండి.

ఇంత పనిమంతుడి నెత్తి మీద మాత్రం ఈగ వాలితే జారిపడుతుంది. ముప్ఫై నిండకముందే ఇసబురో తాతకు బట్టతల వచ్చేసింది. ఆయన తల్లిని కన్న తండ్రికీ అంతేనట. ఆయన పనిచేసిన సుమో తాలింఖానాలో గురువుగారి భార్య ఫుసాఏ, వచ్చిన చుట్టాలందరికీ ఆ తలను చూపించి చెప్పేది: "తనకి లేదని అక్కసు. అందుకే పిల్లల జుట్టు అంత గట్టిగా గుంజుతాడు."

అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. తరవాత తరవాత ఆ మాటకు నవ్వడం మానేశాడు. ఎందుకు మానేశాడన్నదే ఇక్కడ చెప్పాల్సిన సంగతి.

వస్తాదులకు సిగ కట్టేవాళ్ళందరి పేర్లకూ ముందు 'తొకో' ఉంటుంది. పద్దెనిమిదో ఏట తాలింఖానాలో చేరిన ఇసబురో, తొకోఇసా అయ్యాడు. పని నేర్పినవాడు తొకోహాన్ అనే పెద్దాయన. పొద్దున్న సాధన అయ్యాక వస్తాదులు స్నానం చేసి వరసగా వచ్చి చాప మీద కూర్చునేవారు. జుట్టు తడిపి వేళ్ళతో పిసకాలి. మైనం లాంటి సువాసన నూనె అరచేతుల్లో కరిగించి పట్టించాలి. ముందు ముతక దువ్వెన, ఆ తరవాత సన్న దువ్వెన. నాలుగు వైపుల జుట్టూ నడినెత్తికి లాక్కొచ్చి, పేనిన కాగితపు దారం ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, రెండో కొస చేత్తో లాగి బిగించాలి. ఏళ్ళ తరబడి ఆ దారం కోసి కోసి తాత ముందుపంటికి సన్నటి గాడి పడింది. ఆయన పడుకున్నప్పుడు మనవరాలు ఆ గాడిలో బియ్యపు గింజ ఇరికించి పారిపోయేది. గింజ ఇప్పటికీ సరిగ్గా పడుతుంది. ఈ మధ్యనే చూడటం జరిగింది.

తొకోహాన్ దగ్గర పాఠం ఒక్కటే. "కనుబొమలు పైకి లేవాలిరా. లేవలేదంటే నువ్వు కట్టనట్టే."

ఇసబురో చేతిలో కనుబొమలు లేచేవి. కొందరికి కళ్ళు కూడా వాలుగా పైకి లేచేవి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు రాత్రి పడుకున్నప్పుడు కూడా రెప్పలు పూర్తిగా పడటంలేదని చెప్పుకునేవారు. అది విన్నప్పుడల్లా ఆయనకు కడుపు నిండిపోయేది.

నరూమి ఉత్తరాన కొసనున్న అఒమోరి నుంచి పదిహేనో ఏట వచ్చాడు. తండ్రిది చేపలు పట్టే పడవ. తల్లి చేపలు ఎండబెట్టేది. పిల్లవాడి జుట్టు చూసి తొకోహాన్ ఈల వేశాడు. అంత దట్టమైన తలకు సిగ కూర్చోవాలంటే నడినెత్తిన కొంతమేర గుండు గీయాలి. వారం వారం ఆ గుండు గీసే పని ఇసబురోది.

"ఒరే నరూమీ, ఈ జుట్టులో కోడి గుడ్లు పెడితే పిల్లలు లేచేదాకా తెలీదురా."

"మా అమ్మకి సెప్పకండన్నా. నిజంగానే కోడిని అంపుద్ది."

ఎనిమిదేళ్ళయినా ఆ యాస పోలేదు. పట్నం భాష నేర్చుకోమంటే నవ్వేవాడు. కానీ కుస్తీలో మాత్రం మెట్టు తరవాత మెట్టు ఎక్కాడు. ఇరవై మూడో ఏటికి జూరియో అనే పై తరగతి గడపదాకా వచ్చాడు. ఆ గడప దాటితేనే వస్తాదుకు జీతం, పట్టు నడికట్టు, వెనక నడిచే శిష్యుడు. అప్పుడే పోటీ రోజుల్లో సిగను గింకో ఆకులా విసనకర్రగా పరిచి కట్టించుకునే హక్కు వస్తుంది. అప్పటిదాకా అందరిదీ మామూలు సిగే. గడప దాటిన రోజున ఇస్తానని గురువుగారు నరూమికి కొత్త పేరు కుంచెతో రాసి సొరుగులో దాచిపెట్టాడు. దుమ్ము దులిపేటప్పుడు ఇసబురో ఆ కాగితం చూశాడు. చూడనట్టు సొరుగు మూసేశాడు.

"ఆకు సిగతో ఒక్క ఫొటో దిగాలన్నా. మా అమ్మ దాన్ని ఇంట్లో దేవుడి పటాల పక్కన పెడతానంది," అనేవాడు నరూమి.

"పక్కనెందుకురా, దేవుణ్ణి దించి ఆ మేకుకే తగిలిస్తుంది మీ అమ్మ."

అది పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది. వానాకాలం మొదలైంది. ఒకరోజు ముతక దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు తీసి పక్కన పెడుతూ ఇసబురో చెయ్యి ఆపాడు. వెంట్రుకలు ఎప్పుడూ రాలేవే. కానీ ఇవి పొట్టిగా, సన్నగా, కొసన తెల్లటి కుదురుతో ఉన్నాయి. అద్దంలో చూశాడు. నుదురు రెండు వేళ్ళు వెనక్కి జరిగింది. కణతల దగ్గర చర్మం మెరుస్తోంది.

నరూమి కూడా అద్దంలోనే చూస్తున్నాడు. "ఎన్నాళ్ళ నుంచో అవుతోందన్నా. మీరు సూస్తారులే అని ఊరుకున్నాను."

సిగ నిలవని వస్తాదు ఆట మానుకోవాల్సిందే అని సుమోలో ఒక మాట ఉంది. అలాంటి నియమం ఏ పుస్తకంలోనూ లేదు. అయినా అందరూ ఉన్నట్టే బతుకుతారు. ఆ మాట తాలింఖానాలో ఎవరూ పైకి అనలేదు. ఆ రోజు భోజనంలో నరూమి రెండో గిన్నె తీసుకోలేదని తెలిసి ఫుసాఏ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఇసా, రేపు వీణ్ణి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

"నేనెందుకమ్మగారూ? వాడేమన్నా చంటిపిల్లాడా?"

"రోజూ ఆ తల ఎవరి చేతుల్లో ఉంటుంది? నీకు తెలిసింది డాక్టరుకి చెప్పు, డాక్టరు చెప్పింది నాకు చెప్పు."

వీధి చివర హోరీగుచి అనే డాక్టరమ్మ కొత్తగా ఆసుపత్రి పెట్టింది. సన్నగా, పొట్టిగా, బడిపిల్లలా ఉంటుంది. నరూమి కూర్చుంటే కుర్చీ కనిపించలేదు. ఆమె పీట ఎక్కి, భూతద్దం పెట్టి, కణతల దగ్గర ఒక్కో వెంట్రుకా వేలితో తోసి చూసింది.

"ఎవరు కడతారు?"

నరూమి వెనక్కి తిరిగి చూపించాడు.

"ఎంత గట్టిగా కడతారో నా వేలికి కట్టి చూపించండి," అంది ఆమె, చూపుడు వేలు చాపుతూ.

ఇసబురో చేతిసంచిలో కాగితపు దారం ఎప్పుడూ ఉండేది. పనితనం చూపించమని ఒక డాక్టరు అడిగిందని ఆయన ముచ్చటపడ్డాడు. దారం పళ్ళ మధ్య పెట్టుకుని, ఎప్పటిలాగే లాగి బిగించాడు. వేలు ముందు ఎర్రబడింది. తరవాత వంకాయ రంగులోకి తిరిగింది. ఆమె విప్పమనలేదు. గోడ గడియారం చూస్తూ ఆ వేలిని ఆయన ముఖం ముందు అలాగే పట్టుకుంది.

"ఇలా ఎనిమిదేళ్ళు ఉంచితే ఈ వేలు ఏమవుతుందండీ?"

ఇసబురో చేతిసంచి మూసుకున్నాడు. ఆమె నరూమి వైపు తిరిగింది.

"కుదుళ్ళు ఇంకా చావలేదు. మూడు నెలలు సిగ కట్టొద్దు. ఆ తరవాత వదులుగా. అప్పుడు తిరిగి వస్తాయి. ఇప్పుడే ఆపకపోతే ఎప్పటికి వస్తాయో నేను చెప్పలేను, అసలు వస్తాయో రావో కూడా చెప్పలేను."

"మూడు నెలలా?" అన్నాడు నరూమి. "సిగ లేకుండా బరిలో దిగనివ్వరండీ. ఒక పోటీ పూర్తిగా పోద్ది. రెండోది కూడా పోద్దేమో. మళ్ళీ కింద మెట్టు నుంచి ఎక్కాలి."

"ఎక్కచ్చు కదా. మీకు ఇరవై మూడే," అంది ఆమె, దారం కత్తిరించుకుంటూ.

వీధిలోకి వచ్చాక ఇసబురో చెవులు ఇంకా మండుతున్నాయి. "పిల్లకాకి. సుమో ఏం తెలుసు దానికి?" అన్నాడు. నరూమి తలాడించాడు. రెండడుగులు వేసి, "పోనీ కొంచెం వదులుగా కట్టి సూద్దామా అన్నా? ఒక వారం," అన్నాడు.

ఆ వారం వదులుగా కట్టాడు. నిజం చెప్పాలంటే, ఆ వారం ముతక దువ్వెనకు చిక్కినవి సగానికి సగం తగ్గాయి. ఇసబురో లెక్క పెట్టలేదు గానీ చూశాడు. చూసింది ఎవరికీ చెప్పలేదు. ఆరో రోజు సాధనలో నరూమి ఒక పెద్ద వస్తాదు రొమ్ముకు తలతో ఢీకొట్టాడు. సిగ పక్కకు జారి చెవి మీద వాలింది. అందరూ ఆగిపోయి నవ్వారు. ఈ మధ్య పక్క తాలింఖానాకు మారి, ఆ రోజు చూడటానికి వచ్చిన తొకోహాన్ మాత్రం నవ్వలేదు.

"ఎవరు కట్టారిది? పిట్ట గుడ్లు పెట్టి లేచిపోయిన గూడులా ఉంది."

"నేనేనండి," అన్నాడు ఇసబురో.

"నలభై దాటాక చేతులు పడిపోతాయని విన్నాను. నీకు ఇంత తొందరగానా?"

మర్నాడు సిగ మళ్ళీ ఎప్పటిలా బిగిసింది. నరూమి కనుబొమలు లేచాయి. అతను అద్దంలోంచి ఒకసారి చూశాడు.

ఫుసాఏ ఊరుకునే మనిషి కాదు. తెలిసినవాళ్ళను పట్టుకుని ఒక పెద్దాసుపత్రిలో ప్రొఫెసరు దగ్గరికి చీటీ సంపాదించింది. అక్కడా ఇసబురోనే తోడు వెళ్ళాడు. ప్రొఫెసరుకు డెబ్భై ఉంటాయి. తల నిండా వెండిలాంటి జుట్టు. బల్ల అవతలి నుంచి లేవలేదు, భూతద్దం తీయలేదు.

"అమ్మగారి నాన్నగారికి జుట్టుందా?"

"లేదండి. నున్నగా ఉంటాది."

"అదే ఇది. వంశంలో వచ్చింది. సిగకీ దీనికీ సంబంధం లేదు. వస్తాదులంతా సిగ కట్టుకుంటారు కదా, అందరికీ ఊడిందా?"

ఇసబురోకు ఆ ముసలాయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. తన నెత్తి తడుముకున్నాడు. నిజమే. ఈ తలకు ఎవరు సిగ కట్టారు? ఒక్కరోజు కూడా ఎవరూ కట్టలేదు. అయినా ఊడింది. తాతల పోలిక, అంతే. ప్రొఫెసరు రాసిచ్చిన ఘాటైన ద్రావణం సీసా సంచిలో పెట్టుకుని, దారిలో నరూమికి ఈలు చేప భోజనం పెట్టించాడు. నరూమి తింటూ అడిగాడు.

"మరి ఆ డాక్టరమ్మ సెప్పింది అబద్ధమా అన్నా?"

"చదువు కొత్త. పుస్తకంలో ఉన్నది అప్పజెప్పింది."

"ఈయన తలని ముట్టుకోలేదు కదా."

"అనుభవం ఉన్నవాడికి ముట్టుకోవాల్సిన పనేంట్రా? నేను నిన్ను గుమ్మంలో చూసి చెప్పలేదూ, నడినెత్తిన గుండు గీయాలని?"

ఆ మాటకు నరూమి నవ్వేసి, ఇసబురో గిన్నెలో మిగిలిన అన్నం కూడా లాగేసుకున్నాడు.

మూడో అభిప్రాయం అడక్కుండానే వచ్చింది. నది ఒడ్డున మూలికల కొట్టు ముసలాయన నరూమి నాలుక చూసి, నాడి పట్టి, "ఒంట్లో వేడి తలకెక్కింది. బీరు మానెయ్యి, కోపం మానెయ్యి," అని బురద రంగు కషాయం ఇచ్చాడు. నరూమికి కోపం ఎటూ లేదు కనుక బీరు మానేశాడు. మూడో రోజున కోపం కూడా వచ్చింది. దాంతో ఆ వైద్యం ఆగిపోయింది.

ఫుసాఏ వంటింటి గడప మీద చిక్కుళ్ళు ఒలుస్తూ ఇసబురోను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నరూమి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"ఒకళ్ళు విప్పమంటారు, ఒకళ్ళు తాత పోలికంటారు, ఒకళ్ళు బీరంటారు. నా బుర్రకి ఎక్కడం లేదు. నువ్వు చెప్పు ఇసా. విప్పించమంటే విప్పిస్తాను, గురువుగారికి నేను చెప్పుకుంటాను. మెట్టు పోతే పోయింది. ఆ తల నీకు తెలిసినంత ఏ డాక్టరుకీ తెలీదు."

"అవునన్నా," అన్నాడు నరూమి. "మీరేటి సెప్తే అదే సేస్తాను."

అప్పుడు దువ్వెన గురించి చెప్పి ఉండాల్సింది. వదులుగా కట్టిన వారం రాలడం తగ్గిందని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నాలుక మీదికి వచ్చిందని తాత ఇప్పటికీ ఒప్పుకుంటాడు. కానీ దాని వెనకే తొకోహాన్ గొంతు వచ్చింది, వంకాయ రంగు తిరిగిన వేలు వచ్చింది. ఆ పిల్ల డాక్టరు మాట నిజమైతే, ఎనిమిదేళ్ళుగా ఈ జుట్టు ఊడగొట్టింది తన చేతులే. ప్రొఫెసరు మాట నిజమైతే, ఎక్కడో ఎప్పుడో పుట్టిన ఒక ముసలాయన.

"పెద్ద డాక్టరు చెప్పిందే నిజం అమ్మగారూ. వంశంలో వచ్చింది. ద్రావణం రాస్తే నిలబడుతుంది," అన్నాడు.

"అయితే సరే," అంది ఫుసాఏ. చిక్కుడు తొక్కలు ఎత్తి కుక్కకు వేసింది.

"బతికించారన్నా," అన్నాడు నరూమి.

జూలైలో నరూమి బాగా గెలిచాడు. సెప్టెంబరు పోటీలకు గడప కింది మెట్టు మీద ఉన్నాడు. సిగ కూడా రోజురోజుకూ కింది మెట్టుకే జారుతోంది. ద్రావణం ఘాటుకు చర్మం పొట్టు లేచేది తప్ప ఒక్క వెంట్రుకా మొలవలేదు. పల్చబడ్డ కొద్దీ జుట్టు తక్కువై సిగ నిలవదు. నిలవాలంటే ఇంకా గట్టిగా లాగాలి. ఇసబురో ఇంకా గట్టిగా లాగాడు.

పోటీల పదమూడో రోజు పొద్దున్న కబురొచ్చింది. జూరియోలో ఒక వస్తాదు గాయపడ్డాడు. ఆ ఖాళీలో ఇవాళ నరూమి కుస్తీ పట్టాలి. ఆ ఒక్క కుస్తీకి, ఆ ఒక్క రోజుకు, కింది తరగతివాడైనా ఆకు సిగ కట్టుకోవచ్చు. గెలిస్తే ప్రమోషను దాదాపు ఖాయమన్నాడు గురువుగారు. సొరుగు వైపు చూసి చూడనట్టు చూశాడు.

నరూమి చాప మీద కూర్చున్నాడు. "ఫొటోవాడికి సెప్పానన్నా. బరిలోకి ఎల్లే ముందు తీస్తానన్నాడు."

ఆకు సిగకు కణతల దగ్గర జుట్టు గుండ్రంగా ఉబ్బి నిలబడాలి. అక్కడ నిలబడటానికి ఏమీ లేదు. ఇసబురో గంటన్నర కుస్తీ పట్టాడు. వెనక జుట్టు ముందుకు తెచ్చాడు, నూనెతో అతికించాడు, పిన్నీసుతో ఉబ్బించాడు. చర్మం తెల్లగా కనిపిస్తూనే ఉంది. చివరికి లేచి వెళ్ళి, పేర్ల పలకలు రాసే సిరా కడ్డీ అరగదీసి తెచ్చి, వేలితో కణతలకు రాశాడు. అద్దంలో నల్లగా, నిండుగా, పటంలో గీసినట్టు కనిపించింది.

"అబ్బ," అన్నాడు నరూమి. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. బిగింపు వల్లో సంతోషం వల్లో ఇసబురో అడగలేదు.

ఫొటో తీశారు. బాగా వచ్చింది.

కుస్తీ నిమిషం దాటింది. ఇద్దరూ ఒకరి నడికట్టు ఒకరు పట్టుకుని బరి మధ్య నిలబడిపోయారు. దీపాల వేడికి చెమట పట్టింది. టీవీలో అది స్పష్టంగా కనిపించింది. నరూమి కణత దగ్గర నల్లటి చుక్క ఒకటి పుట్టి, చెంప మీదుగా పాకింది. జనంలో ఎవరో నవ్వారు. ఇంకో చుక్క కంట్లోకి జారింది. అతను ఆ కన్ను గట్టిగా మూశాడు, ఒక్క క్షణం. అవతలివాడికి అది చాలు.

తిరిగి వచ్చాక నరూమి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తువ్వాలు నల్లబడింది. దాన్ని మడత పెట్టి మరక లోపలికి పోయేలా చేసి, ఇసబురో చేతికిచ్చాడు.

"సెమటన్నా," అన్నాడు. "ఏం లేదు."

ఆ తరవాత నరూమి గడప దాకా మళ్ళీ రాలేదు. రెండేళ్ళు కిందా మీదా పడ్డాడు. కుస్తీ పట్టేటప్పుడు చెయ్యి నడికట్టు మీద ఉండాల్సింది, అప్పుడప్పుడు దానంతట అదే కణత దగ్గరికి పోయేది. ఇరవై అయిదో ఏట మానేస్తానన్నాడు. సిగ కత్తిరించే వేడుక సాధన గదిలోనే, ముప్ఫై మంది మధ్య జరిగింది. తల్లి అఒమోరి నుంచి ఎండు చేపల మూటతో వచ్చింది. ఒక్కొక్కరూ బంగారు పూత కత్తెరతో నాలుగు వెంట్రుకలు కత్తిరించారు. చివరి కోత గురువుగారిది. ఆ చివరి సిగ కట్టింది కూడా ఇసబురోనే. ఆ రోజు కూడా గట్టిగానే కట్టాడు. సొరుగులో ఉన్న కాగితం సొరుగులోనే ఉండిపోయింది.

నాలుగేళ్ళ తరవాత, ఒక శరత్కాలపు మధ్యాహ్నం తాలింఖానా ముందు చేపల లారీ ఆగింది. లావు తగ్గిన ఒక మనిషి ఆపిల్ పళ్ళ పెట్టె భుజాన పెట్టుకుని దిగాడు. గుమ్మంలో పెట్టె దింపి, టోపీ తీశాడు.

ఇసబురో చేతిలోని సన్న దువ్వెన కింద పడింది.

గడ్డివాములా ఉంది జుట్టు. కణతలు నిండిపోయాయి. నుదురు మీదికి పడుతోంది.

"సూడండన్నా," అన్నాడు నరూమి, చిన్నపిల్లాడిలా తల వంచి. "మొత్తం ఒచ్చేసింది. సిగ తీసిన ఏడాదిన్నరకే మొలిసింది. ఆ డాక్టరమ్మ సెప్పినట్టే అయింది. అఒమోరి గాలి మంచిదంటాది మా అమ్మ."

దెప్పిపొడవడానికి వచ్చినవాడి ముఖం కాదు అది. మంచి కబురు మోసుకొచ్చినవాడి ముఖం. ఈ జుట్టు చూసి అందరికంటే ఎక్కువ సంతోషించేది తొకోఇసా అన్నే అని నమ్మి, దారి మళ్ళించి మరీ వచ్చాడు.

"ఒకసారి ముట్టుకోనా?" అన్నాడు ఇసబురో.

"లాగకండి మరి," అని నరూమి చాప మీద, తన పాత చోటులో, వీపు తిప్పి కూర్చున్నాడు.

ఇసబురో వేళ్ళు ఆ జుట్టులోకి పోనిచ్చాడు. కుదుళ్ళు గట్టిగా ఉన్నాయి. ఆరేళ్ళ క్రితం, చిక్కుళ్ళు ఒలిచే గడప మీద మింగేసిన వాక్యం మళ్ళీ నాలుక మీదికి వచ్చింది. దువ్వెన చూశానురా, తగ్గడం చూశాను, తెలిసే అబద్ధం చెప్పాను. వెనకనుంచి చెప్పడం తేలిక కూడా. ముఖం కనిపించదు.

"బాగుంది," అన్నాడు.

"బాగుంది కదా," అన్నాడు నరూమి.

ఆపిల్ తినేసి, లారీలో చేపలు పాడవుతాయని వెళ్ళిపోయాడు. ఏటా శరత్కాలంలో పళ్ళ పెట్టె మాత్రం వస్తూనే ఉంది. తాత వాటిని ఇంట్లో అందరికీ పంచుతాడు. తను ఒక్క ముక్క కూడా నోట పెట్టడు. పంటి గాడిలో ఇరుక్కుంటుందంటాడు.

ఆ లారీ వెళ్ళిన మర్నాటి నుంచి ఆయన కట్టే సిగలు మారిపోయాయి. బిగించే ముందు ప్రతి కుర్రాణ్ణీ "నొప్పా?" అని అడిగేవాడు. వాళ్ళు భయపడి లేదనేవారు. ఆయన నమ్మేవాడు కాదు, ఒక పట్టు వదిలేవాడు. ఆ తాలింఖానా వస్తాదుల సిగలు కొంచెం వాలి ఉంటాయని సుమిదా ఒడ్డున పేరు పడిపోయింది. తొకోహాన్ బతికున్నన్నాళ్ళూ ముఖాన్నే ఎగతాళి చేశాడు. ఇసబురో చేతులు జోడించి వినేవాడు, మర్నాడు మళ్ళీ వాలుగానే కట్టేవాడు.

ఇదంతా తెలియక మనవరాలు ఏడో ఏట ఆయన్ను చాలా తిట్టింది. పింఛను తీసుకుని ఇంటికొచ్చిన తాత రోజూ పొద్దున్న జడ వేసేవాడు. నలభై ఏడేళ్ళు సిగలు కట్టిన చేతులు. ఆ జడ బడి గేటు దాకా కూడా నిలిచేది కాదు. రబ్బరు బ్యాండు ఒక వీధిలో, రిబ్బను ఇంకో వీధిలో పడేవి. పంతులమ్మ దయ్యం వచ్చిందనేది.

"నీకసలు కట్టడమొచ్చా తాతా? అబద్ధాలు చెప్పి జీతం తీసుకున్నావా?"

"అవును," అనేవాడు. "నొప్పా?"

"నొప్పెక్కడ, అసలు నువ్వు పట్టుకున్నావా?"

చదువు సగంలో మానేసి పెరిగి పెద్దదైన ఆ పిల్లకు ఈ కథ ముక్కలు ముక్కలుగా తెలిసింది. సగం తొంభై దాటినా నాలుక పదును తగ్గని ఫుసాఏ చెప్పింది. మిగతా సగం, అంటే దువ్వెన సంగతి, నిరుడు పళ్ళ పెట్టె వచ్చిన రోజున తాతే చెప్పాడు. పెట్టె మీద నరూమి రాసిన చీటీ ఉంది. అరవై నిండుతున్నాయట. ఈ వేసవికి చూడటానికి వస్తాడట. జుట్టు నెరిసింది గానీ ఊడలేదట.

తాత ఆ చీటీని మూడుసార్లు చదివించుకున్నాడు. నరూమి వచ్చినప్పుడు చెప్పాలి, ఈసారి ముఖం ఎదురుగా కూర్చుని చెప్పాలి అన్నాడు. చెప్పలేకపోతే ఎలా అని కూడా అన్నాడు. అందుకని, నాలుక మళ్ళీ మొరాయిస్తే కాగితం చేతిలో పెట్టొచ్చని, ఇదంతా రాసి మొదటి నుంచి చివరి దాకా ఆయనకు చదివి వినిపించడం జరిగింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. బియ్యపు గింజ దగ్గర కూడా ఊరుకున్నాడు. అయిపోయాక కళ్ళజోడు తీసి, నున్నటి నెత్తి అరచేత్తో తుడుచుకున్నాడు.

"ఆ తుఫాను ముక్క కొట్టెయ్," అన్నాడు. "సిగ కదల్లేదు, నిజమే. వాడి జుట్టే పోయింది."